కొండాపూర్‌లో ఒక్కదాన్నే ఉంటున్నా, నాన్న కారు తెచ్చుకున్నా. దీని గురించి ఎంత నేర్చుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉద్యోగం కోసం విజయవాడ నుంచి వచ్చి కొండాపూర్‌లో ఫ్లాట్ తీసుకుని ఒక్కరే ఉంటున్నారు. నాన్నగారి ఏడేళ్ల పెట్రోల్ కారు, ఏపీ నంబరుది, తెచ్చుకున్నారు. సర్వీసుకి ఇస్తే పద్దెనిమిది వేల ఎస్టిమేట్ ఇచ్చారు. నాన్నగారికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే "అన్నీ చేయించెయ్యమ్మా" అన్నారు. అందులో ఏది నిజంగా అవసరం, అసలు కారు గురించి ఎంత తెలుసుకోవాలి అని అడిగారు.

నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లు సర్వీస్ సెంటర్లలో అడ్వైజర్‌గా చేశాను, ఇప్పుడు మూసాపేటలో సొంతంగా చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. అలాంటి ఎస్టిమేట్లు నేనూ కట్టలకొద్దీ రాశాను. నా లెక్కలో మీరు రిపేర్లు నేర్చుకోనక్కర్లేదు, దానికి మాలాంటి వాళ్లం ఉన్నాం. బండిని ఎప్పుడు ఆపెయ్యాలి, ఎదుటివాళ్లకి ఎప్పుడు వద్దని చెప్పాలి, ఈ రెండూ మాత్రం మీకే తెలిసుండాలి. ఆ సమయంలో పక్కన మీరు తప్ప ఎవరూ ఉండరు కాబట్టి.

ముందు ఎస్టిమేట్ సంగతి. పెట్రోల్ బండికి మామూలుగా ఏడాదికి లేదా పదివేల కిలోమీటర్లకి, ఏది ముందొస్తే అప్పుడు, ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మారుస్తారు. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ తీసి చూసి, నల్లబడితే మారుస్తారు. మన మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనుల దుమ్ముకి అవి మాన్యువల్‌లో రాసిన దానికంటే ముందే నిండిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. స్పార్క్ ప్లగ్‌లు ఎన్ని కిలోమీటర్లకో మీ మాన్యువల్‌లో ఉంటుంది. గ్లవ్ బాక్సులో ఆ పుస్తకం లేకపోతే కంపెనీ సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది, దించుకోండి. ఇవన్నీ చేయించాల్సిన పనులే. డబ్బులకు వెనకాడకండి.

ఇక ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిస్ఇన్‌ఫెక్షన్, టెఫ్లాన్ కోటింగ్, ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్, అండర్‌బాడీ కోటింగ్. వీటిని వ్యాల్యూ యాడెడ్ సర్వీసులు అంటారు. ఇవి నెలకి ఎన్ని అమ్మాలో అడ్వైజర్‌కి టార్గెట్ ఉంటుంది. అతన్ని తిట్టుకోనక్కర్లేదు, జీతం దాని మీద ఆధారపడి ఉంది. కానీ మీకు అవసరం లేదు. వేళకి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కి లోపలంతా కడిగే ఫ్లషింగ్ దండగ. డ్రెస్సింగ్ అంటే బానెట్ లోపల మెరిసే ద్రవం కొట్టడం, అంతే. అండర్‌బాడీ కోటింగ్ విశాఖలో సముద్రపు గాలికి తిరిగే బండికైతే చేయించమంటాను, హైదరాబాద్‌లో తిరిగే బండికి అంత తొందరేం లేదు. మీ బండి విజయవాడలో తిరిగింది కాబట్టి ర్యాంపు మీద ఉన్నప్పుడు కింద తుప్పు ఉందేమో ఒకసారి చూపించమనండి చాలు. ఏసీలో ముక్కిన వాసన వస్తుంటే ముందు ఫిల్టర్ మార్చండి, అప్పటికీ పోకపోతే డిస్ఇన్‌ఫెక్షన్ గురించి ఆలోచించొచ్చు. థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే భాగం) క్లీనింగ్ మాత్రం ఒక్కోసారి నిజంగా కావాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణకడం, ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఆడటం ఉంటే చేయించండి, లేకపోతే వద్దు. చక్రాల అలైన్‌మెంట్ కూడా అంతే. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా అవసరం.

వద్దని చెప్పడానికి గొడవ పడక్కర్లేదు. జాబ్ కార్డ్ (చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద సంతకం చేసే ముందు ఒక్క లైన్ రాయించండి: "నాకు ఫోన్ చేసి ఒప్పుకోకుండా అదనపు పని ఏదీ చేయకూడదు." దాని కింద "తీసిన పాత పార్టులు చూపించాలి" అని కూడా. ఈ రెండు లైన్లు రాయించే కస్టమర్ బండి విషయంలో వర్క్‌షాప్ మొత్తం జాగ్రత్తగా ఉంటుంది, ఇది లోపలి మాట. బ్రేక్ ప్యాడ్లు మార్చాలి అంటే "ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది?" అని అడగండి. కొత్తది సుమారు పది మిల్లీమీటర్లుంటుంది, మూడు దగ్గరికొస్తే మార్చాల్సిందే. ఐదారు ఉంటే వచ్చే సర్వీసులో చూద్దాం అనండి. "మేడమ్, ఇంట్లో సార్ ఎవరైనా ఉంటే మాట్లాడించండి" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బండి తెచ్చింది నేను, బిల్లు కట్టేదీ నేనే, నాతోనే మాట్లాడండి అని నవ్వుతూనే చెప్పి, ర్యాంపు దగ్గరికి తీసుకెళ్లి చూపించమని అడగండి. అడ్వైజర్ కంటే కింద పనిచేసే కుర్రాడు సూటిగా చెప్తాడు.

ఆపాల్సిన సంగతికొస్తే, ఇక్కడే కాస్త ఎక్కువ చెప్పాలి. మీటర్ బోర్డులో పసుపు లైటు వస్తే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవాలి అని అర్థం. ఎరుపు లైటు వస్తే ఇప్పుడే. చెక్ ఇంజిన్ లైటు పసుపుగా నిలకడగా ఉంటే నెమ్మదిగా నడుపుకుంటూ గ్యారేజీకి వెళ్లొచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే ఇంజిన్ మిస్ కొడుతోందన్నమాట, వేగం తగ్గించి దగ్గర్లో ఆపండి. లేకపోతే పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పోతుంది, అది చాలా ఖరీదు.

ఆయిల్ క్యాన్ బొమ్మ ఎర్రగా వెలిగితే మాత్రం ఆఫీస్ ఇంకో కిలోమీటరే కదా అనుకోవద్దు. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ లేదని దానర్థం. పక్కకి తీసి ఇంజిన్ ఆఫ్ చేయండి. ఆ ఒక్క కిలోమీటర్ నడిపి ఇంజిన్ సీజ్ చేసుకున్న బండ్లు నా దగ్గరికి టోయింగ్‌లో వస్తుంటాయి. చేయాల్సింది ఆయిల్ పోయడమో సెన్సర్ మార్చడమో అయ్యుండేది, చివరికి ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

టెంపరేచర్ విషయంలో ఒక కిటుకు. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ముల్లు పైకెక్కి, రోడ్డు ఖాళీ దొరికి పరుగు తీయగానే దిగుతోందంటే చాలాసార్లు రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. నిలబడినా పరిగెత్తినా ఎక్కుతూనే ఉంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కారిపోయి ఉండొచ్చు, పంపో థర్మోస్టాటో పాడై ఉండొచ్చు. ఎక్కడం మొదలవగానే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. మే నెలలో హీటరేంటి అంటారు, కానీ ఇంజిన్ వేడిని అది కాస్త బయటికి లాగుతుంది, ఆగడానికి చోటు దొరికేవరకు పనికొస్తుంది. ఎర్ర గీత దాటితే మాత్రం ఉన్నచోటే పక్కకి తీసి ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పొద్దు, మరుగుతున్న కూలెంట్ మొహం మీదకి చిమ్ముతుంది. పక్కన ఎవరో సాయానికొచ్చి బట్ట పట్టుకుని తిప్పబోయినా ఆపండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత.

బండి నడుస్తుండగా బ్యాటరీ బొమ్మ వెలిగిందంటే ఆల్టర్నేటర్ ఛార్జ్ చేయడం లేదు. అప్పుడు ఏసీ, మ్యూజిక్ ఆపేసి దగ్గర్లోని గ్యారేజీ చేరేవరకు ఇంజిన్ ఆఫ్ చేయకండి, చేస్తే మళ్లీ సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. దాంతోపాటు టెంపరేచర్ కూడా ఎక్కుతుంటే ఆల్టర్నేటర్‌నీ కూలెంట్ పంపునీ తిప్పే బెల్టు తెగి ఉండొచ్చు, అప్పుడిక ఆపాల్సిందే.

పొద్దున్నే కీ తిప్పితే టిక్ టిక్ అని మాత్రమే వస్తుంటే బ్యాటరీ దిగిపోయింది. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉండి వారాల తరబడి సెల్లార్‌లో వదిలేసే వాళ్లకి ఇది మామూలే. వారానికోసారైనా అరగంట నడపండి. అక్కడే నిలబెట్టి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచడం వల్ల లాభం లేదు. మామూలుగా బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు వస్తుంది. జంప్ స్టార్ట్ చేయాల్సి వస్తే ఎర్ర వైరు ముందు మీ బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత రెండో బండి ప్లస్‌కి. నల్ల వైరు రెండో బండి మైనస్‌కి, చివరి కొస మీ బండి ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి కాదు. వాచ్‌మన్ అన్న ఎంత అనుభవస్తుడైనా ఈ వరుస మార్చనివ్వకండి.

వానల గురించి. బయోడైవర్సిటీ జంక్షన్, లక్డీకాపూల్, మలక్‌పేట రైల్వే వంతెన కింద నీళ్లు ఎలా నిలుస్తాయో ఒక్క వానాకాలం ఇక్కడ గడిపితే మీకే తెలుస్తుంది. ముందున్న బండి చక్రం సగానికి పైగా మునిగితే మీరు దిగొద్దు, వెనక్కి తిప్పుకోండి, వెనక వాళ్లు ఎంత హారన్ కొట్టినా సరే. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు. సిలిండర్‌లోకి చేరాక సెల్ఫ్ కొడితే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పైగా మామూలు కాంప్రిహెన్సివ్ పాలసీలో వరద నష్టం వస్తుంది గానీ, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పోతే కంపెనీలు క్లెయిమ్ ఒప్పుకోవు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. అది ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేశారని తేలితే ఇబ్బందే. 2020 అక్టోబర్ వరదల్లో సెల్లార్లలోనే మునిగిపోయిన కార్లు ఎన్నో. అలా మునిగితే కీ కూడా తిప్పకుండా, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి, టోయింగ్‌లోనే పంపించాలి. రెయిన్ అలర్ట్ వచ్చిన రోజు సెల్లార్‌లో కాకుండా పైన ఎత్తులో పెట్టుకోవడం మంచిది.

వారానికి ఐదు నిమిషాలు కేటాయించండి. ఆదివారం పొద్దున, బండి చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట. డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ పెట్టి తీస్తే ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. కూలెంట్ డబ్బా మీద కూడా మిన్, మ్యాక్స్ గీతలుంటాయి. నెలనెలా పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోంది. బండి కింద నేల చూడండి. ముందు సీటు కింద తేటగా నీళ్లుంటే అది ఏసీ నీరు, కంగారు వద్దు. పచ్చగానో గులాబీ రంగులోనో జిగటగా ఉంటే కూలెంట్, నల్లగా ఉంటే ఆయిల్. సెల్లార్‌లో పెట్టేవాళ్లు బానెట్ ఎత్తినప్పుడు ఎలుక లద్దెలు ఉన్నాయేమో కూడా చూడండి. అపార్ట్‌మెంట్ ఎలుకలు వైరింగ్ కొరికితే వేలల్లో ఖర్చు. కారులో బిస్కెట్ ప్యాకెట్లు వదలకపోతే సగం పని అయినట్టే.

టైర్లకి గాలి ఎంత అనేది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్తంభం మీద స్టిక్కర్‌లో ఉంటుంది. బంకులో కుర్రాడు "అన్ని బండ్లకీ ముప్పైఐదే మేడమ్" అన్నా, మీ స్టిక్కర్ ప్రకారమే కొట్టించండి. ఎండలో తిరిగొచ్చిన టైరులో ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి తీసేయకండి. నైట్రోజన్‌కి డబ్బులు పెట్టనవసరం లేదు, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. టైరు పక్కన చిన్న దీర్ఘవృత్తంలో నాలుగు అంకెలుంటాయి. 2418 అని ఉంటే 2018లో 24వ వారంలో తయారైందని. మీ బండికి కంపెనీ నుంచి వచ్చిన టైర్లే ఇంకా ఉంటే, గాడి బాగానే కనిపిస్తున్నా మార్చేయండి. వయసైపోయిన రబ్బరుతో 120 వేగం అనుమతించే ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కొద్దు. వ్యాల్యూ యాడెడ్ సర్వీసుల్లో మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి.

పంక్చర్ గురించి అందరూ అడుగుతారు. స్టెప్నీ మార్చడం ఒకసారి సెల్లార్‌లో పగలు ప్రాక్టీస్ చేయండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్‌లో ఉంచి, జాకీ ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయాలి. చేత్తో రాకపోతే పానా మీద కాలేసి తొక్కండి, సిగ్గేం లేదు, మేమూ అంతే చేస్తాం. ఆ రోజే స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా తెలుస్తుంది, చాలామందికి ఉండదు. కానీ రాత్రి పదకొండుకి నిర్మానుష్యమైన చోట టైరు పోతే స్టెప్నీ మార్చడానికి దిగమని నేను చెప్పను. హజార్డ్ లైట్లు వేసుకుని, నెమ్మదిగా, వెలుతురూ మనుషులూ ఉన్న పెట్రోల్ బంకు దాకా వెళ్లండి. టైరు పోతుంది, రిమ్ము కూడా పోవచ్చు. పోనివ్వండి. అక్కడి నుంచి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేయండి. మీ ఇన్సూరెన్స్‌లో అది ఉందో లేదో ఇవాళే చూసుకుని ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఎక్కడైనా ఇబ్బందిగా అనిపిస్తే 100 గానీ 112 గానీ కొట్టి 8 నొక్కితే తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ మీ ప్రయాణాన్ని గమనిస్తుంది, మామూలు ఫోన్ నుంచి కూడా పనిచేస్తుంది. ఊళ్లో అయితే తలుపులు లాక్ చేసుకుని లోపలే కూర్చోండి. ఔటర్ మీదో హైవే మీదో బండి ఆగిపోతే దానికి రివర్స్: ఎడమ పక్కనుంచి దిగి రెయిలింగ్ అవతల నిలబడాలి, ఎందుకంటే అక్కడ అసలు ప్రమాదం వెనక నుంచి వచ్చే లారీ.

పంక్చర్ షాపులో పక్కనే నిలబడండి. ఒక మేకుతో వెళ్తే నాలుగు పంక్చర్లున్నాయి అనేవాళ్లు ఉన్నారు. సబ్బు నీళ్లు పోసి బుడగ వచ్చిన చోటే లెక్క. అలాగే రోడ్డు మీద ఎవరైనా బైక్ మీద పక్కకొచ్చి "మీ బండి నుంచి ఆయిల్ కారుతోంది, పొగ వస్తోంది" అని సైగ చేస్తే, మీటర్ బోర్డు చూడండి. ఎర్ర లైటు లేకపోతే ఆగకుండా బంకు దాకా వెళ్లి మీరే దిగి చూసుకోండి.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) గురించి ఒక్క మాట. మీ బండి దానికి ముందు కాలంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. బండిలో పెట్రోల్ వాసన వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఫ్యూయల్ పైపులు చూపించుకోండి. దసరాకి ఆయుధ పూజ చేసినప్పుడు నిమ్మకాయలు తొక్కించండి, కుంకుమ పెట్టండి, గ్రిల్ మొత్తం మూసేసేంత పూలదండ మాత్రం అలాగే ఉంచుకుని తిరగకండి. రేడియేటర్‌కి గాలి అటువైపు నుంచే వెళ్లాలి.

చివరిగా కాగితాలు. మీ లైసెన్స్ సరిగ్గా ఉంటే నాన్నగారి పేరున్న బండి నడపడంలో తప్పేమీ లేదు, ఎదుటివాళ్ల నష్టానికిచ్చే థర్డ్ పార్టీ, మీ బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ కవర్లు రెండూ వర్తిస్తాయి. కానీ పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఆర్సీలో పేరున్న ఓనర్‌కే, అంటే నాన్నగారికే. మీకు విడిగా ఒకటి తీసుకోండి. క్లెయిమ్ లేకుండా ఐదేళ్లు గడిస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద తగ్గింపు, 50 శాతానికి చేరుతుంది. చిన్న గీతకి, పగిలిన టెయిల్ ల్యాంప్‌కి క్లెయిమ్ వేస్తే అది సున్నాకి పడిపోతుంది, కాబట్టి ముందు లెక్క వేసుకోండి. పాలసీ గడువు దాటి 90 రోజులైనా ఆ బోనస్ పోతుంది. ఆర్సీ మీ పేరుకి మార్చుకుంటే నాన్నగారి బోనస్ మీకు రాదు, అది ఆయన తర్వాత కొనుక్కునే బండికి వాడుకోవచ్చు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాదికోసారి, బంకు దగ్గరే వ్యాన్ ఉంటుంది.

ఏపీ నంబరు బండి తెలంగాణలో పన్నెండు నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి అనేది మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్. దానికి విజయవాడ ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఉంటాయి. బండి వయసుని బట్టి ట్యాక్స్ తగ్గుతుంది. లోన్ మీద కొన్న బండి అయితే అది తీరినట్టు బ్యాంకు నుంచి ఫారం 35 తెచ్చి, ఆర్సీలో హైపోథికేషన్, అంటే బ్యాంకు అప్పు ఉందన్న నమోదు, తీయించడం నాన్నగారితో ముందే చేయించండి. ఎన్ఓసీకి పెట్టే ముందు రెండు రాష్ట్రాల్లోనూ పెండింగ్ చలాన్లు చూసి కట్టేయండి. ఇంటి దగ్గర ఉన్న రెండో తాళం చెవి కూడా ఈసారి వచ్చేటప్పుడు తెచ్చుకోండి.